మా లా యూనివర్సిటీ కౌన్సెలింగ్ రూము: ఒకసారి స్టూడెంట్‌గా, ఒకసారి మేడమ్‌గా వెళ్లొచ్చాక

మొదటిసారి అమ్మకి ఫోన్లో "కౌన్సెలింగ్‌కి వెళ్తున్నానమ్మా" అని చెబితే, "మళ్లీ కౌన్సెలింగేంటే, సీటు ఎప్పుడో వచ్చేసిందిగా" అంది. తప్పు ఆమెది కాదు. మన దగ్గర కౌన్సెలింగ్ అంటే ఒకటి ఎంసెట్, లాసెట్ రాశాక వెబ్ ఆప్షన్లు పెట్టుకునేది, రెండోది రౌడీషీటర్లని స్టేషన్‌కి పిలిచి పోలీసులు ఇచ్చేది, మూడోది తాగి బండి నడిపి దొరికినవాళ్లకి ట్రాఫిక్ వాళ్లు ఇచ్చేది. మనసు బాగోలేని మనిషి వెళ్లి కూర్చుని మాట్లాడుకునేదానికి కూడా అదే మాట పెట్టేశారు కాబట్టి, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు తలుపు తట్టాల్సి వస్తుంది.

సరే, విషయానికొస్తాను. ఇది మా యూనివర్సిటీలో ఉన్న కౌన్సెలింగ్ సెంటర్ మీద రివ్యూ. యూనివర్సిటీ పేరు రాయను, ఊహించుకున్నవాళ్లు కింద రాయొద్దు దయచేసి, నా ఉద్యోగం కాంట్రాక్టు. 2018లో మూడో ఏడు చదువుతుండగా ఒక సెమిస్టర్ మొత్తం వెళ్లాను. ఇప్పుడు అక్కడే క్రిమినల్ లా చెబుతున్నాను, ఏడాదిన్నరగా మళ్లీ వెళ్తున్నాను. అంటే అదే కుర్చీలో రెండు హోదాల్లో కూర్చున్నదాన్ని. తొందరలో ఉన్నవాళ్లకి మార్కులు ముందే చెప్పేస్తా: లోపల కూర్చునే కౌన్సెలర్ మేడమ్‌కి ఐదుకి ఐదు. ఆ మేడమ్ దాకా వెళ్లే దారికి అప్పట్లో ఒకటి, ఇప్పుడు మూడు. స్టాఫ్‌కి ఇచ్చే సర్వీసుకి రెండు, అది కూడా జాలిపడి.

2018లో ఆ గది అడ్మిన్ బ్లాకు కింద, ఎగ్జామ్ బ్రాంచికి సరిగ్గా ఎదురుగా ఉండేది. ఈ ఐడియా ఎవరిదో నాకు ఇప్పటికీ తెలీదు. సప్లీ ఫీజు కట్టడానికి నిలబడ్డ క్యూ మొత్తం ఈ తలుపు వైపే చూస్తూ ఉండేది. తలుపుకి గాజు, గాజుకి సగం దాకా స్టిక్కర్, కాబట్టి మొహం కనపడదు గానీ చెప్పులు కనపడతాయి. మా హాస్టల్లో చెప్పుల్ని బట్టి మనిషిని గుర్తుపట్టలేని వాళ్లు ఎవరున్నారు? లోపలికి వెళ్లే ముందు అటెండరు దగ్గర ఒక పొడుగు రిజిస్టరు, అందులో పేరు, రోల్ నంబరు, టైము, చివర్లో వచ్చిన పని అని ఒక కాలమ్. నా ముందు సంతకం పెట్టిన సీనియర్ ఆ కాలమ్‌లో "మైగ్రేషన్ సర్టిఫికెట్" అని రాశాడు. నేను "స్కాలర్‌షిప్" అని రాశాను. ఆ రిజిస్టరుని ఎవరైనా పరిశోధకుడు చదివితే కౌన్సెలర్ దగ్గర యూనివర్సిటీలోని సర్టిఫికెట్లన్నీ దొరుకుతాయని అనుకుంటాడు.

నేనెందుకు వెళ్లానో కూడా చెప్పాలి కదా. ఇంటర్ దాకా తెలుగు మీడియం. క్లాట్ (లా ఎంట్రన్స్) కోచింగ్‌లో ఇంగ్లీషు చదవడం వచ్చింది, రాయడం వచ్చింది, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం మాత్రం రాలేదు. మూడో ఏడులో ఒక మూట్‌కి (ఉత్తుత్తి కోర్టులో వాదించే పోటీ) సెలెక్ట్ అయ్యాం, మూడు వారాలు మెమోరియల్, అంటే వాదన కాగితాలు, రాస్తూ రోజుకి మూడు గంటలు పడుకున్నాం, అది అందరూ చేసేదే, గొప్పేం కాదు. తీరా పోడియం దగ్గర జడ్జి స్థానంలో కూర్చున్నాయన ఒక చిన్న ప్రశ్న అడిగాడు, అధికరణం ఏది అని, అంతే. నాకు ఆ అధికరణం కలలో కూడా వచ్చేది, ఆ నిమిషంలో నోరు తెరుచుకోలేదు. ఆ తర్వాత క్లాసులో ఎవరు నా పేరు పిలిచినా గుండెల్లో దడ, అరచేతుల్లో చెమట. పేరు పిలుస్తారని క్లాసుకి వెళ్లడం మానేశాను. మానేస్తే హాజరు 61 శాతానికి పడింది. బార్ కౌన్సిల్ వాళ్ల 2008 రూల్స్ ప్రకారం పరీక్ష రాయాలంటే 70 ఉండాలి, మరీ అసాధారణమైన కారణం ఉంటే 65 దాకా చూసీ చూడనట్టు పోవచ్చు, 61కి దారి లేదు. ఇంట్లో చెప్పలేను, నాన్న నా చదువుకి చేసిన అప్పు లెక్క నాకు కంఠతా వచ్చు.

మొదటి రెండు సెషన్లు వేరే ఆవిడతో. వారానికి రెండు రోజులు సిటీ నుంచి వచ్చేది, మంచావిడే, కానీ అంతా ఇంగ్లీషు. "హౌ డజ్ దట్ మేక్ యూ ఫీల్" అని అడిగేది. నాకు ఇంగ్లీషులో వచ్చింది వాదించడం ఒక్కటే, బాధపడటం రాదు. అందుకని ఆవిడ ఏం అడిగినా ఇష్యూ ఇది, రూల్ ఇది, దాన్ని నా విషయానికి వర్తింపజేస్తే ఇలా, కాబట్టి కన్‌క్లూజన్ ఇదీ అని చెప్పి వచ్చేదాన్ని. వైవా బాగా చెప్పినట్టు ఉండేది. బయటికొచ్చాక దడ మళ్లీ అక్కడే ఉండేది. లా చదివేవాళ్లతో కౌన్సెలర్లకి ఉండే పెద్ద ఇబ్బంది ఇదే అనుకుంటా, మేం మా బాధని కూడా చక్కగా పేరాలుగా చెప్పేస్తాం, వినేవాళ్లకి అంతా అర్థమైపోయినట్టే ఉంటుంది.

మూడోసారికి ఆవిడ మానేసి ఇప్పుడున్న మేడమ్ వచ్చింది. కూర్చోగానే "నిన్న రాత్రి ఏం తిన్నావమ్మా" అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నా. బిస్కెట్లు అని చెప్పా. "మధ్యాహ్నం?" టీ. "గుండెల్లో దడ అంటున్నావు, ఎక్కడ మొదలవుతుంది, చెయ్యి పెట్టి చూపించు." చెయ్యి పొట్ట మీదికి వెళ్లింది, నాకే ఆశ్చర్యం, అన్నాళ్లూ గుండె అని చెబుతున్నది పొట్టలో మొదలవుతోందని నాకు తెలీదు. అక్కడి నుంచి నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏమీ అనలేదు, స్టీలు గ్లాసులో నీళ్లు పోసి పక్కన పెట్టి ఊరుకుంది. 45 నిమిషాల్లో ఇరవై అలాగే పోయాయి. డబ్బు కట్టి వెళ్లుంటే టైము వేస్టయిందని బాధపడేదాన్నేమో, ఫ్రీ కాబట్టి సరిపోయింది.

డిప్రెషన్, యాంగ్జైటీ, పానిక్ ఇవన్నీ తర్వాత ఆమె చెప్పిన పేర్లు. నా దగ్గరున్న మాటలు దడ, నీరసం, ఏం చెయ్యబుద్ధి కాకపోవడం, ఊరికే ఏడుపు రావడం. ఈ మాటలతో కూర్చోనిచ్చే కౌన్సెలర్ దొరకడమే నా అదృష్టం, అది సిస్టమ్ ఇచ్చింది కాదు. ఈ రోజుకీ ఉద్యోగ ప్రకటనలో "తెలుగు వచ్చి ఉండాలి" అన్న ముక్క ఎక్కడా కనపడదు. హిందీ పిల్లలకి, మలయాళం పిల్లలకి ఏం చేస్తారో అది వేరే ప్రశ్న.

ఆమె చేయించిన పనుల్లో నాకు పనికొచ్చింది ఒకటి చెప్తాను. ఒక కాగితం మీద నన్ను తినేస్తున్న ఆలోచన రాయమంది. "నేను లాయరుగా పనికిరాను" అని రాశా. దానికి సాక్ష్యాలు రాయమంది, నిమిషంలో తొమ్మిది రాసిచ్చా, మూట్, హాజరు, ఇంగ్లీషు, అన్నీ. చూసి, "అంతా ప్రాసిక్యూషనే వాదిస్తోంది, నిందితురాలి తరఫున ఎవరమ్మా?" అంది. ఎవరూ లేరు అన్నా. "లాయరుని పెట్టుకునే స్తోమత లేనివాళ్లకి ఏం చేస్తారో మీ సబ్జెక్టులోనే ఉంటుందిగా?" లీగల్ ఎయిడ్, రాజ్యాంగంలో 39ఎ అధికరణం అన్నాను. "అయితే వచ్చే వారం దాకా నువ్వే లీగల్ ఎయిడ్ లాయరువి, డిఫెన్సు రాసుకుని రా." నవ్వొచ్చింది నాకు, నెల రోజుల్లో మొదటిసారి. సైకాలజీలో దీనికి పెద్ద పేరే ఉంది, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ అని, ఆలోచనని పట్టుకుని దానికి అటు ఇటు ఆధారాలు చూడటం. కానీ లా పిల్లకి లా భాషలో చెప్పాలని ఆమెకి ఎవరు నేర్పారో. నిద్ర డైరీ రాయించింది, రాత్రి పదకొండు దాటితే బేర్ యాక్టు (చట్టం పుస్తకం) ముట్టుకోవద్దంది, అవి మామూలే. థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు కూడా చేయించుకు రమ్మంది, హిమోగ్లోబిన్ 8.4 వచ్చింది, నీరసంలో సగం దానిదే. ఇది ఎవరైనా చేయించాల్సిన పని.

ఇక అసలు గొడవ. మొదట్లో నాకో ఫారమ్ ఇచ్చారు, పీహెచ్‌క్యూ-9 అంటారు, డిప్రెషన్ ఎంతుందో చూసేది, తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి మూడు, మొత్తం 27. చివరి ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అనో, తనకి తాను హాని చేసుకోవాలనో ఆలోచనలు వస్తున్నాయా అని. నేను సున్నాకి టిక్ పెట్టా. అబద్ధం. ఎందుకంటే నిజం పెడితే ఆ కాగితం ఎక్కడికి వెళ్తుందో ఎవరూ చెప్పలేదు. వార్డెన్‌కా, ఇంటికా, రిజిస్ట్రార్‌కా? లా పిల్లలం కదా, కాగితం అంటే ఏమిటో మాకు తెలుసు, ఒకసారి ఫైల్లోకి ఎక్కిన కాగితం ఎప్పుడో ఎక్కడో ఎగ్జిబిట్‌గా బయటికొస్తుంది. హాస్టల్లో ఇంకో పుకారు, ఇక్కడ పేరుంటే బార్ ఎన్‌రోల్‌మెంట్ (లాయరుగా నమోదు) అప్పుడు అడుగుతారని, జూనియర్ సివిల్ జడ్జి ఉద్యోగం రాదని. ఇది పూర్తిగా అమెరికా నుంచి దిగుమతి అయిన భయం. అక్కడ చాలా రాష్ట్రాల్లో బార్ దరఖాస్తులోనే మానసిక ఆరోగ్యం గురించి అడిగేవాళ్లు, న్యూయార్క్ 2020లో ఆ ప్రశ్న తీసేసింది. మన అడ్వకేట్స్ యాక్టు, 1961 తీసి 24ఎ సెక్షన్ చదవండి, ఎన్‌రోల్‌మెంట్‌కి అనర్హతలు అక్కడున్నాయి, నైతిక పతనానికి సంబంధించిన నేరంలో శిక్ష పడటం లాంటివి. కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం అందులో లేదు. ఈ ఒక్క ముక్క ఓరియెంటేషన్ రోజు చెబితే సగం మంది భయం పోతుంది. ఓరియెంటేషన్‌లో మూడు గంటలు ప్లేస్‌మెంట్ల గురించి చెబుతారు.

తర్వాత ఇది నా సబ్జెక్టు అయింది కాబట్టి ఇంకొంచెం చెప్తాను, విసుగ్గా ఉంటే ఈ పేరా వదిలేయండి. అడ్వకేటుకి క్లయింటు చెప్పుకున్న మాటని చట్టం కాపాడుతుంది, పాత ఎవిడెన్స్ యాక్టులో 126, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియంలో 132. డాక్టరుకీ కౌన్సెలరుకీ అలాంటి సెక్షన్ అందులో లేదు. 2017 మెంటల్ హెల్త్‌కేర్ యాక్టు, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది, అందులో 23వ సెక్షన్ గోప్యత హక్కు ఇస్తుంది, ఒకరి ప్రాణానికి ముప్పు, కోర్టు ఆర్డరు లాంటి మినహాయింపులతో. బాగానే ఉంది. కానీ ఆ చట్టం దృష్టిలో మెంటల్ హెల్త్ ప్రొఫెషనల్ అంటే సైకియాట్రిస్టు, రాష్ట్ర అథారిటీ దగ్గర రిజిస్టరైన క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిక్ సోషల్ వర్కరు, మెంటల్ హెల్త్ నర్సు, ఇలా ఒక జాబితా. ఎమ్మే సైకాలజీ చేసి కాలేజీలో కౌన్సెలర్‌గా చేరినవాళ్లు ఆ నిర్వచనంలో స్పష్టంగా ఎక్కడా కనపడరు. అంటే మనం చెప్పుకున్న మాటకి కాపలా చట్టం కంటే ఎక్కువగా ఆ కౌన్సెలర్ నీతి, యూనివర్సిటీ రాసిచ్చిన మాట. యూనివర్సిటీ ఏమీ రాసివ్వకపోతే? అందుకే నేను సున్నా టిక్ పెట్టా. అదే చట్టంలో 115వ సెక్షన్, ప్రాణం తీసుకోబోయిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, కేసు పెట్టి శిక్షించకూడదు, ప్రభుత్వమే చూసుకోవాలి అని చెబుతుంది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత ఐపీసీ 309 చదివి భయపడే ఫస్టియర్ పిల్లలకి ఇది నేను క్లాసులో రెండుసార్లు చెప్తాను.

ఆరో సెషన్లో మేడమ్ తనే అడిగింది, "మొదటి రోజు ఫారమ్‌లో అన్నీ నిజమే రాశావా" అని. నాలుగు నెమ్మది నిమిషాల తర్వాత లేదన్నాను. కోప్పడలేదు, కంగారు పడలేదు. తెల్ల కాగితం తీసుకుని తెలుగులో మూడు లైన్లు రాసింది. నీ ప్రాణానికి ముప్పుందని నాకనిపిస్తే ముందు నీకు చెప్పి, ఎవరికి చెప్పాలో నీతో కలిసే నిర్ణయిస్తా. ఇంకొకరి ప్రాణానికి ముప్పుంటే చెప్తా. కోర్టు అడిగితే అడిగినంతే ఇస్తా. మిగతాదేదీ ఈ గది దాటదు. కింద సంతకం, తేదీ. ఆ కాగితం ఇంకా నా దగ్గర ఉంది. ఆ తర్వాతే నేను నిజంగా మాట్లాడటం మొదలుపెట్టాను, అంటే అంతకుముందు ఐదు సెషన్లు ఒక రకంగా వృథా. మూడు లైన్ల కాగితం మొదటి రోజే ఇచ్చి ఉంటే అయిపోయేది. (17 ఏళ్లకే చేరే ఫస్టియర్ పిల్లల విషయంలో ఇంకోటి ఉంది, పద్దెనిమిది లోపు వాళ్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. అదీ ముందే చెప్పాలి, చెప్పించుకున్నాక కాదు.)

అప్పట్లో టైమింగ్స్ ఉదయం పది నుంచి నాలుగు, క్లాసులూ అప్పుడే. వెళ్లాలంటే క్లాసు పోవాలి, పోతే హాజరు పోతుంది, హాజరు గురించే కదా నా దిగులు. కౌన్సెలర్ చీటీ ఇస్తుంది, ఆ చీటీ క్లాస్ టీచరుకి ఇస్తే హాజరు వేస్తారు, క్లాస్ టీచరు అందరి ముందు "ఓహో, కౌన్సెలింగా" అంటాడు. నేను చీటీలు ఇవ్వలేదు, పుస్తకంలో దాచుకున్నా. ఈ హాజరు వ్యవహారం చిన్నది కాదు. 2016లో ఢిల్లీలో హాజరు చాలక పరీక్షలు రాయనివ్వని ఒక లా విద్యార్థి చనిపోయాక మొదలైన కేసులో, 2025 నవంబరులో ఢిల్లీ హైకోర్టు హాజరు తక్కువైందని లా విద్యార్థుల్ని పరీక్షలకి ఆపకూడదని చెప్పింది. మా నోటీసు బోర్డు మీద షార్టేజ్ లిస్టు మాత్రం పేర్లతో సహా ఇప్పటికీ అంటిస్తూనే ఉన్నారు.

ఇప్పుడు రెండో భాగం. ఉద్యోగంలో చేరాక. పదకొండు నెలల కాంట్రాక్టు, ప్రతి మే నెలలో రెన్యూవల్ టెన్షన్, అది ఒకటి. రెండోది, నేను లీగల్ ఎయిడ్ క్లినిక్ కూడా చూస్తాను, వారానికి రెండు రోజులు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఆడవాళ్లు వస్తారు. మిగతా రోజుల్లో క్లాసులో చెప్పేవి అత్యాచారం కేసుల తీర్పులు, వరకట్న మరణాల తీర్పులు. పోస్ట్‌మార్టమ్ రిపోర్టు మొదటిసారి చదివినప్పుడు అన్నం తినలేదు, యాభయ్యోసారి చదివి టిఫిన్ బాక్స్ తెరుచుకున్నా, అప్పుడు భయమేసింది. ఇంట్లో ఎవరైనా గట్టిగా తలుపు వేస్తే ఉలిక్కిపడుతున్నా. లా టీచర్లకి, క్లినిక్ నడిపేవాళ్లకి ఇది వస్తుందని డాక్టర్లకీ సోషల్ వర్కర్లకీ చెప్పినట్టు మాకెవరూ చెప్పరు. స్టాఫ్ రూములో చెబితే "కొత్త కదా, అలవాటైపోతుంది" అంటారు. అలవాటైపోవడమే కదా నాకు భయం.

సరే, మళ్లీ అదే మేడమ్ దగ్గరికి వెళ్లా. లేచి నిలబడింది. "రండి మేడమ్, కూర్చోండి మేడమ్." నేను "మీరు కూర్చోండి మేడమ్" అన్నా. ఇద్దరం మేడమ్, మేడమ్ అనుకుంటూ పది నిమిషాలు రిజల్ట్స్ గురించి, క్యాంటీన్ గురించి మాట్లాడుకుని వచ్చేశాను. ఆరేళ్ల కిందట "ఏం తిన్నావమ్మా" అంటే గొంతు పూడుకుపోయిన దాన్ని, "ఎలా ఉన్నారు మేడమ్" అంటే "ఫైన్ మేడమ్" అని వచ్చేశా. రెండోసారి నేనే అడిగాను, నన్ను మీరు అనొద్దు, ఇంతకుముందులాగే పిలవండి అని. కాసేపు ఆలోచించి, "బయట మేడమ్, లోపల అమ్మా" అంది. అప్పటి నుంచి నడుస్తోంది.

స్టాఫ్‌కి రెండు మార్కులే ఎందుకంటే, ఆమె ఎవరికి రిపోర్టు చేస్తుందో నా కాంట్రాక్టు రెన్యూవల్ ఫైలూ వాళ్ల దగ్గరికే వెళ్తుంది. ఆమె చెప్పదని నాకు నమ్మకం, కానీ నాకు ఆమె తెలుసు కాబట్టి నమ్మకం, కొత్తగా చేరిన నా పక్క టేబుల్ ఆయనకి ఎందుకుంటుంది? విద్యార్థులకి సెమిస్టర్‌కి ఆరు సెషన్లు, కావాలంటే పెంచుతారు. స్టాఫ్‌కి ఏడాదికి మూడు, తర్వాత బయటి కంపెనీ యాప్‌లో చాట్ చేసుకోమంటారు. ఆ యాప్ పేరు అనవసరం, ఒకసారి వాడా, నేను రాసినదంతా తిప్పి నాకే రాసి పంపింది, గాఢంగా ఊపిరి తీసుకోమంది. ఇంకో చిక్కు, వెయిటింగ్ కుర్చీలు నాలుగే. ఒకరోజు నేను కూర్చుని ఉండగా నా సెకండియర్ క్లాసు అబ్బాయి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఇద్దరం ఫోన్లలోకి దూరిపోయాం. కాసేపటికి వాడే, "మేడమ్, మీకు అర్జెంటైతే ముందు మీరు వెళ్లండి" అన్నాడు. నీ టైమేరా, వెళ్లు అన్నా. మర్నాడు క్లాసులో ఏమీ జరగనట్టు హత్యకీ నేరపూరిత నరహత్యకీ తేడా అడిగాడు. వాడికి వంద మార్కులు.

అన్నిటికంటే నాకు మింగుడు పడనిది వేరే. సెక్యూరిటీ వాళ్లు, మెస్ వాళ్లు, హాస్టల్ ఊడ్చే అమ్మలు, వీళ్లంతా ఏజెన్సీ మనుషులు, యూనివర్సిటీ స్టాఫ్ కాదట, కాబట్టి వాళ్లకి కౌన్సెలింగ్ లేదు. రాత్రి రెండింటికి గదిలో ఉండలేక కిందికి దిగొచ్చిన పిల్ల మొదట కనపడేది గేటు దగ్గర అన్నకే. ఎంతమందికి ఆయన ప్లాస్కులో టీ పోసిచ్చి కూర్చోబెట్టాడో. నాకూ పోశాడు 2018లో.

2025 జూలై 25న సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన అమ్మాయి కేసులో విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది, చట్టం వచ్చేదాకా ఇవి పాటించి తీరాలంది. వంద మంది, అంతకన్నా ఎక్కువ విద్యార్థులున్న చోట కనీసం ఒక అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలి, హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, క్లాసుల్లో కనపడేలా పెట్టాలి, బోధన సిబ్బందికే కాదు, మిగతా సిబ్బందికీ ఏడాదికి కనీసం రెండుసార్లు ట్రైనింగ్ ఇవ్వాలి. మా వాళ్లు నెల తిరక్కముందే ఫ్లెక్సీ కొట్టించారు, అందులో వైస్ చాన్సలర్ ఫోటో నంబరు కంటే పెద్దగా ఉంది. అయినా పొగడాల్సింది పొగుడుతా: గది అడ్మిన్ బ్లాకు నుంచి హెల్త్ సెంటర్ పై అంతస్తుకి మారింది, అక్కడికి ఎవరైనా జ్వరమొచ్చి వెళ్లినట్టే వెళ్లొచ్చు. పొడుగు రిజిస్టరు పోయి ఫోన్లో బుకింగ్ వచ్చింది. చీటీ మీద ఇప్పుడు హెల్త్ సెంటర్ స్టాంపే ఉంటుంది. మంగళ, గురువారాలు సాయంత్రం ఏడున్నర దాకా ఉంటుంది. మేడమ్ నాకు చేత్తో రాసిచ్చిన మూడు లైన్లు ఇప్పుడు ప్రింటై మొదటి రోజే అందరికీ ఇస్తున్నారు, తెలుగు, హిందీ, ఇంగ్లీషు మూడింటిలో. అది ఇవ్వడం మొదలుపెట్టాక అపాయింట్‌మెంట్ దొరకడం కష్టమైపోయింది, మిడ్ సెమిస్టర్ టైములో పన్నెండు రోజులు వెయిటింగ్. ఒక్క కౌన్సెలర్‌తో ఎంతకాలం లాగుతారో చూడాలి.

ట్రైనింగ్ కూడా ఒకటి జరిగింది, ఇంగ్లీషు స్లైడ్లు, సమోసా, గ్రూప్ ఫోటో. సెక్యూరిటీ వాళ్లని వెనక వరసలో కూర్చోబెట్టారు. ప్రశ్నలేమైనా ఉన్నాయా అంటే గేటు దగ్గర అన్న లేచి, "మేడమ్, పిల్ల ఏడుస్తుంటే పక్కన కూర్చోవాలా, వార్డెన్ మేడమ్‌కి ఫోన్ చెయ్యాలా? ఫోన్ చెయ్యడానికి పక్కకెళ్తే ఆ పిల్ల ఒక్కతే ఉంటుంది కదా" అన్నాడు. రెండు గంటల స్లైడ్లలో దానికి జవాబు లేదు. మా మేడమే లేచి, పక్కనే ఉండన్నా, ఫోన్ కూడా అక్కడ కూర్చునే చెయ్యి, ఆ పిల్లకి చెప్పి చెయ్యి అంది.

సెంటర్ మూసి ఉన్నప్పుడు ఏంటి అనేవాళ్లకి: టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, నంబరు 14416. కేంద్రం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది, ఫ్రీ, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, భాష తెలుగు ఎంచుకోవచ్చు. నేనొకసారి రాత్రి ఒంటిగంటకి చేశా, తెలుగులోనే మాట్లాడారు, కాలేజీ పేరు అడగలేదు, అదే నాకు కావాల్సింది. స్టాఫ్‌కి నేను మొదట చెప్పేది ఇదే, ఎందుకంటే ఆ ఫోన్ ఎత్తేవాళ్ల చేతిలో మీ రెన్యూవల్ ఫైలు ఉండదు. మందులు అవసరమైతే కౌన్సెలర్ రాయలేరు, సైకియాట్రిస్టే రాయాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు ఉన్నాయి. ఎర్రగడ్డ అంటే మనం చిన్నప్పటి నుంచి వేసుకున్న జోకులన్నీ నాకూ తెలుసు, నేనూ వేశాను. మందులు మొదలుపెట్టినవాళ్లు ఒక మాట గుర్తుపెట్టుకోండి, పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది, నాలుగో రోజు ఏమీ తేడా లేదని మానేయకండి, మానాలనుకున్నా డాక్టర్ని అడిగే మానండి. బయట డబ్బు కట్టి వెళ్లేవాళ్లు క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డుంటే రీహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు అడగండి, నిజమైనవాళ్లు నొచ్చుకోరు.

అమ్మకి ఇప్పుడు తెలుసు. మొన్న ఫోన్ చేసి పిన్ని కొడుకు బీటెక్‌లో సరిగ్గా తినడం లేదట, మీ మేడమ్ బయటివాళ్లని చూస్తుందా అని అడిగింది. చూడదు, క్యాంపస్ వాళ్లకే. 14416 చెప్పాను, రాసుకుంది.

మా క్యాంపస్ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే: సాయంత్రం స్లాట్లు సోమవారం ఉదయం తొమ్మిదికి తెరుస్తారు, పదింటికల్లా అయిపోతాయి, అలారం పెట్టుకోండి. దొరక్కపోయినా పైకి వెళ్లి అడగండి, ఎవరో ఒకరు రాక ఖాళీ ఉంటుంది. మెట్ల దగ్గర కుక్క పడుకుంటుంది, ఏమీ అనదు.